డాబా మీద సదాబహార్

మన సొసైటీ వార్షిక సంచికకు ఏదో ఒకటి రాయమని ఏటా అడుగుతారు. ఏటా నేను చదువుల గురించో, పరీక్షల గురించో రాసి ఇస్తాను. ఈసారి కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఆపా, పరీక్షల సంగతి వచ్చే ఏడు చూద్దాం. మే నెలలో మీ ఇంటికొచ్చినప్పుడు డాబా మీద పూలు చూశాను. బోరు ఎండిపోయిందని మీరే అంటిరి. మరి ఆ పూలు ఎట్లా పూస్తున్నాయి? అది రాయండి" అన్నారు.

ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. మా బిల్డింగు ఖైరతాబాద్ గల్లీల్లో లోపలికి ఉంటుంది. కింద జానెడు మట్టి లేదు, అంతా సిమెంటే. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు. ఏప్రిల్ వచ్చిందంటే ట్యాంకర్ కోసం ఎదురుచూపులు. ఈ పేటకు ఖుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచు ఖైరున్నిసా బేగం పేరు మీద ఖైరతాబాద్ అని పేరొచ్చిందని, ఆమె కాలంలో ఇక్కడ తోటలుండేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు తోట పెట్టాలంటే డాబాయే దిక్కు. మే నెల మధ్యాహ్నం ఆ డాబా మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. అలాంటి చోట నీళ్ళు అడగకుండా పూచే మొక్క ఏది?

బిళ్ళగన్నేరు. మన ఇళ్ళలో సదాబహార్ అంటాం. నర్సరీవాళ్ళు వింకా అంటారు. పేరు వినగానే "ఓ, అదా!" అని పెదవి విరిచేవాళ్ళే ఎక్కువ. రైలు పట్టాల పక్కన, పాత గోడల పగుళ్ళలో, ఖబరస్తాన్‌లో సమాధుల సందుల్లో ఎవరూ నాటకుండానే మొలిచే మొక్క కదా, దానికి డబ్బులు పెట్టడమేమిటని. మలయాళంలో దానికున్న పేర్లలో ఒకదానికి శ్మశానపు పచ్చ అని అర్థం. పక్కనే తమిళంలో నిత్యకల్యాణి. ఒక ఊళ్ళో చావు గుర్తు, ఇంకో ఊళ్ళో పెళ్ళి పేరు. మొక్క మాత్రం రెండుచోట్లా ఒకే తీరుగా పూస్తుంది.

నిజానికి ఇది మన దేశపు మొక్క కాదు. పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. ఓడలెక్కి వేడిదేశాలన్నిటికీ పాకింది. 1759లో లిన్నేయస్ దీనికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. తర్వాత శాస్త్రజ్ఞులు దీన్ని వింకా జాతిలోంచి తీసి కాథరాంథస్ రోజియస్ అన్నారు. నర్సరీల్లో మాత్రం పాత పేరే నిలిచిపోయింది. గన్నేరు, దేవగన్నేరు, పచ్చగన్నేరు ఇవన్నీ దీని చుట్టాలే, ఒకే కుటుంబం. ఈ చుట్టరికం గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

నేను బడిలో సైన్సు చెబుతాను. పువ్వు భాగాలు చూపడానికి మందారం మంచిది, కేసరాలు బయటికే కనబడతాయి. బిళ్ళగన్నేరులో అవన్నీ సన్నటి గొట్టం లోపల దాక్కుంటాయి. కానీ ఆకులు ఎదురెదురుగా జంటగా రావడం, నడిమి ఈనె తెల్లగా మెరవడం, ఆకు తుంచితే పాలు రావడం, తల్లివేరు నిటారుగా దిగడం ఇవన్నీ చూపడానికి దీన్ని మించిన మొక్క లేదు. పైగా ఏ నెలలో పాఠం వచ్చినా దొరుకుతుంది. బీఈడీ చదివిన రోజుల్లో పాఠం చెప్పే పరీక్షకు గుప్పెడు బిళ్ళగన్నేరు మొక్కలు వేళ్ళతో పెరికి పట్టుకెళ్ళాను. అప్పుడు పెరకడమే గానీ పెంచడం తెలియదు.

తెలియదని ఎందుకంటున్నానంటే, మొదటిసారి పెంచినప్పుడు ఆరు కుండీల్లో అయిదింటిని నేనే చంపేశాను. ఎండకు కాదు, నీళ్ళతో. జూన్‌లో నాటాను. ఉదయం ఒక చెంబు, మగ్రిబ్ తర్వాత ఒక చెంబు పోసేదాన్ని. జూలైలో ముసురు పట్టినా చెయ్యి ఊరుకోలేదు. ఒకరోజు పొద్దున చూస్తే కాండం అడుగున నల్లబడి, మొక్క మొత్తం తలవాల్చేసింది. దాహం వేసిందేమోనని ఇంకో చెంబు పోశాను. రెండు రోజుల్లో అయిదూ పోయాయి. ఆరో కుండీ చూరు కింద, చెయ్యి అందని మూలలో ఉండేది. దానికి ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు పోసేదాన్ని. అదొక్కటే బతికింది, పూసింది. ఇప్పుడు మా డాబా మీదున్న మొక్కలన్నీ దాని పిల్లలు, పిల్లల పిల్లలే.

నీళ్ళు లేకుండా ఎట్లా నెగ్గుకొస్తుంది?

ఈ మొక్క ఆకు పట్టుకుని చూడండి, మైనం పూసినట్టు నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఆ పొర వల్ల లోపలి తేమ ఊరికే ఆవిరైపోదు. నేలలో పెరిగితే తల్లివేరు రెండడుగుల దాకా దిగి అడుగు తడిని వెతుక్కుంటుంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే ఆకులు అంచులు ముడుచుకుని కిందికి వాలతాయి. మనం ఎండలో తలమీద కొంగు కప్పుకున్నట్టే అది కూడా. ఎండ తగిలే చోటు తగ్గించుకోవడం అన్నమాట. సాయంత్రం చల్లబడగానే మళ్ళీ విచ్చుకుంటాయి.

కొత్తగా పెంచేవాళ్ళు పొరబడేది ఇక్కడే. పన్నెండింటికి డాబా ఎక్కి, వాలిన ఆకులు చూసి, అయ్యో అని నీళ్ళు పోస్తారు. మధ్యాహ్నం వాలడం దాని తెలివి. సాయంత్రం ఆరింటికి కూడా వాలే ఉంటే అప్పుడు దాహం. చూడాల్సింది సాయంత్రం.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. నీళ్ళు అక్కర్లేని మొక్క అని నర్సరీవాళ్ళు చెప్పేది నేలలో నాటిన మొక్కకు. కుండీలో వేరుకు దిగే దారి లేదు, పది అంగుళాల మట్టే దాని లోకం. మన డాబా ఎండకు ఆ మట్టి నాలుగువైపుల నుంచీ కాగుతుంది. నేలలో నాటి, వేరు నిలదొక్కుకున్నాక వారానికోసారి తడిపినా చాలు. కుండీలో ఉంటే ఎండాకాలం రెండు రోజులకోసారి, మరీ చిన్న కుండీ అయితే రోజూ ఒక గ్లాసు పోయక తప్పదు. చలికాలం వారానికి ఒకటి రెండుసార్లు. వానాకాలంలో వానదే పని, మనం చేతులు కట్టుకోవాలి. లెక్కలు గుర్తుండకపోతే వేలు మట్టిలో రెండు కణుపుల దాకా గుచ్చండి. తడి తగిలితే వెనక్కి తిరిగి దిగిపోండి.

మరి ఆ గ్లాసెడు నీళ్ళు ఎక్కడివి? మా ఇంట్లో వుజూ చేసేచోట కింద ఒక టబ్బు పెట్టాం. సబ్బు లేని నీళ్ళు, మొక్కకు ఏ హానీ లేదు. నలుగురున్న ఇంట్లో అయిదు పూటల నీళ్ళు ఇరవై కుండీలకు సరిపోతాయి, ఇంకా మిగులుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు మంచివే. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు ఇంకా మంచివి, అందులో ఉప్పు ఉండదు. ఫిల్టర్ యంత్రం వదిలేసే నీళ్ళతో మాత్రం జాగ్రత్త. తాగే నీళ్ళలోంచి తీసేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. రోజూ అవే పోస్తే కొన్నాళ్ళకు మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. మన బోరు నీళ్ళ సంగతీ కొంత అంతే. ఎక్కువ చోట్ల గట్టి నీళ్ళు. ఈ మొక్కకు కాస్త పులుపు స్వభావం ఉన్న మట్టి ఇష్టం. ఏళ్ళ తరబడి గట్టి నీళ్ళు పోస్తే మట్టి స్వభావం మారి, మొక్క ఇనుమును పీల్చుకోలేకపోతుంది. అప్పుడు కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనబడతాయి. అట్లా కనబడితే ఎరువు కోసం పరుగెత్తకండి. పై మట్టి రెండంగుళాలు తీసి పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టి వేసి, కొన్నాళ్ళు ఏసీ నీళ్ళో వాన నీళ్ళో పోయండి. చాలావరకు సర్దుకుంటుంది.

నాటడం

నారు కొనాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్ళినప్పుడు కుండీలు, విత్తనాలు తెచ్చుకునే అలవాటు మన ఇళ్ళలో పాతదే. 1938లో బాగే ఆమ్‌లో మొదలైన ఆ నుమాయిష్‌కు మా అత్తగారు చిన్నప్పుడు గాజుల కోసం వెళ్ళేవారట, నేను విత్తనాల కోసం వెళ్తాను. కానీ దుకాణాల్లో వచ్చే సంకర రకాల మాట ఒకటుంది. పువ్వు పెద్దది, రంగులు ఎన్నో, ఎరుపు కూడా. అయితే వాటి గింజ వేస్తే తల్లి రంగు రాదు, మన వానకు తట్టుకోవడమూ తక్కువే. గల్లీలో మొలిచే పాత గులాబీ రంగు, తెలుపు, ఎర్ర బొట్టున్న తెలుపు, ఈ మూడే గట్టివి. నా ఓటు వాటికే.

గింజ నువ్వుగింజ కన్నా చిన్నది, నల్లగా ఉంటుంది. దీనికి ఒక వింత అలవాటుంది, వెలుతురులో సరిగా మొలవదు. పైన చల్లి వదిలేస్తే సగం కూడా రావు. వెడల్పు మట్టిపాత్రలో గింజలు చల్లి, పైన సన్నటి మట్టి పావు అంగుళం మందాన జల్లించి, తడి గోనెపట్టా కప్పండి. వారం పది రోజుల్లో మొలకలు కనబడతాయి. కనబడిన రోజే పట్టా తీసేయాలి. ఒకరోజు ఆలస్యమైతే మొలకలు సన్నగా, పాలిపోయి సాగిపోతాయి. నాలుగు జతల ఆకులు వచ్చాక కుండీల్లోకి మార్చుకోవచ్చు. విత్తడానికి ఫిబ్రవరి చివర బాగుంటుంది, ఎండలు ముదిరేలోపు వేరు పట్టుకుంటుంది. జూన్‌లోనూ వేయవచ్చు. అప్పుడు పాత్రను వానకు తడవని చోట పెట్టాలి.

గింజ ఓపిక లేనివాళ్ళు కొమ్మ నాటుకోవచ్చు. పువ్వు లేని లేత కొమ్మ, అరచెయ్యి పొడవు తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెడితే మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. తల్లి రంగు పిల్లకు రావాలంటే ఇదే దారి.

మట్టి గురించి రెండు ముక్కలు. ఎర్రమట్టి ఒక వంతు, ఇసుక ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువో వానపాముల ఎరువో ఒక వంతు. నల్లరేగడి వద్దు, అది నీళ్ళను పట్టి ఉంచుతుంది. మట్టి కుండీ ప్లాస్టిక్ కుండీ కన్నా మేలు, గోడల గుండా గాలి ఆడుతుంది. అడుగు రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి, కుండీని రెండు ఇటుకల మీద నిలబెట్టండి. ఆ ఇటుకలు లేకపోతే కుండీ డాబాకు అతుక్కుని, రంధ్రం మూసుకుపోయి, నీళ్ళు లోపలే నిలుస్తాయి. నా అయిదు మొక్కలు పోవడానికి ఇదీ ఒక కారణమని తర్వాత తెలిసింది. రోజుకు కనీసం అయిదారు గంటలు ఎండ తగలాలి. నీడలో పెడితే ఆకులు ముదురుగా, కొమ్మలు పొడుగ్గా వస్తాయి గానీ పువ్వు రాదు.

ఎరువు ఎక్కువ వేయకండి. యూరియా వేస్తే ఆకు ఏపుగా వచ్చి పువ్వు తగ్గుతుంది. రెండు నెలలకోసారి పిడికెడు చివికిన ఎరువు చాలు. మొక్క అరచెయ్యంత ఎత్తు రాగానే చిగురు తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురుగా అవుతుంది. ప్రతి ఫిబ్రవరిలో మూడోవంతు కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళ మీద పూలు నిండుగా వస్తాయి. బహువార్షికమే అయినా రెండు మూడేళ్ళకు కాండం కట్టెలా ముదిరి, అడుగున బోసిపోతుంది. అప్పుడు దాని కొమ్మతోనే కొత్తది మొదలుపెట్టుకోవాలి.

పురుగు, తెగులు పెద్దగా లేవు. పిండినల్లి పడితే సబ్బునీళ్ళలో ముంచిన దూదితో తుడిచేస్తే సరి. వానాకాలంలో మొదలు నల్లబడే కుళ్ళు తెగులుకు మందు వెతకడం కన్నా నీళ్ళు ఆపడమే మేలు. నల్లబడిన మొక్కను మాత్రం మట్టితో సహా తీసేయాలి. భయపడాల్సింది ఒక్కదానికి. ఉన్నట్టుండి కొత్త ఆకులు చిట్టిచిట్టిగా, పసుపుగా, గుత్తులుగా వస్తాయి. పువ్వులు రంగు పోయి ఆకుపచ్చగా మారతాయి. దీన్ని వెర్రి తెగులు అనుకోవచ్చు. దీపపు పురుగుల్లాంటి చిన్న పురుగులు ఒక మొక్క రసం పీల్చి ఇంకోదానికి అంటిస్తాయి. దీనికి మందు లేదు. చూసిన రోజే పెరికి పారేయండి, లేకపోతే మిగతావాటికి పాకుతుంది.

మేకకున్న తెలివి

బక్రీద్‌కు పది రోజుల ముందు మా బిల్డింగులో మూడు నాలుగు మేకలు డాబా ఎక్కుతాయి. ఒక ఏడు ఒక మేక తాడు తెంపుకుని రాత్రికి రాత్రి పుదీనా, కొత్తిమీర, మల్లె చిగుళ్ళు, పక్కింటివాళ్ళు ఆరేసిన దుపట్టా కొంగు కూడా నమిలేసింది. బిళ్ళగన్నేరు కుండీలు పన్నెండూ చెక్కుచెదరలేదు. పిల్లలు నవ్వారు, పూలంటే మేకకు గౌరవమని. గౌరవం కాదు. ఆ ఆకు విషమని దానికి నోటికి పెట్టగానే తెలుస్తుంది. చేదు, పాలు. పశువులు సాధారణంగా దీని జోలికి రావు. అయినా కట్టేసిన మేకకు వేరే మేత లేకుండా దీని పక్కన వదలకండి.

మేకకు తెలిసింది మనుషులకు తెలియడం లేదు. ఈ వ్యాసం రాయడానికి ఒప్పుకోవడానికి నాకున్న అసలు కారణం ఇదే.

మా ఖాలాకు షుగరు. నా డాబా మీద సదాబహార్ చూసి ఎవరో ఆమెకు చెప్పారు, పరగడుపున నాలుగు ఆకులు, రెండు పూలు నమిలితే షుగరు దిగుతుందని. ఆమె నాకు చెప్పకుండా రోజూ పైకెక్కి కోసుకునేది. కొమ్మలు బోడిగా కనబడితే పురుగు కొట్టిందనుకున్నాను. మూడు వారాల తర్వాత తెలిసింది, మాత్రలు కూడా మానేసిందని. కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. షుగరు మూడువందలు దాటింది. డాక్టరుగారు ఆకు మాట విని, "అమ్మా, దాన్ని మీరు ఆకు అనుకుంటున్నారు. మేం దాన్నుంచి తీసిన మందును సూదిలో ఎంత కొలిచి ఇస్తామో మీకు తెలిస్తే దాని నీడలో కూడా కూర్చోరు" అన్నారు. ఖాలా కోలుకుంది. నా మీద ఇంకా కాస్త కోపంగానే ఉంది, ఇంట్లో అమృతం పెట్టుకుని దాచానని.

గన్నేరు పప్పు పేరెత్తితే మనలో ఎవరైనా ఉలిక్కిపడతారు. దాని చుట్టమే బిళ్ళగన్నేరు అని చెబితే మాత్రం నమ్మరు, పువ్వు అంత అమాయకంగా ఉంటుంది మరి. ఈ మొక్కలో నూటికి పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. కొన్ని రక్తపోటు మీద, కొన్ని నరాల మీద, కొన్ని ఎముక మజ్జ మీద పనిచేస్తాయి. ఒక్కో ఆకులో ఏది ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. రకాన్ని బట్టి, ఆకు వయసును బట్టి, మట్టిని బట్టి మారుతుంది. కొలత లేని మందు మందు కాదు. జంతువుల మీద ప్రయోగాల్లో షుగరు తగ్గినట్టు కొన్ని పరిశోధనలు చెప్పిన మాట నిజమే. కానీ దాన్నిబట్టి మాత్ర మానేసి ఆకు నమలమని ఏ డాక్టరూ చెప్పడు. గర్భిణులు, పిల్లలు అసలే నోట పెట్టకూడదు.

తమాషా ఏమిటంటే, ఇదే షుగరు నమ్మకం లోకానికి ఒక పెద్ద మేలు చేసింది. జమైకాలో కూడా ఈ ఆకు కషాయం షుగరుకు తాగేవారు. 1952లో అక్కడి నుంచి కెనడాకు ఒక కవరులో ఇరవై అయిదు ఆకులు వెళ్ళాయి. అందుకున్నాయన క్లార్క్ నోబుల్ అనే డాక్టరు, ఇన్సులిన్ మీద తొలినాళ్ళలో పనిచేసినవాడు. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆ కషాయం ఎలుకలకు తాగించి చూశాడు. షుగరు ఏమీ తగ్గలేదు. నోటితో లాభం లేదని సూదితో ఎక్కిస్తే ఎలుకలు కొద్దిరోజుల్లోనే జబ్బుచేసి చచ్చిపోయాయి. ఎందుకని చూస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి. షుగరు మందు కోసం వెతికేవాడు అక్కడితో వదిలేయవచ్చు. ఆయన వదల్లేదు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు ఒకటుంది కదా, రక్తపు క్యాన్సరు, దానికి ఇది పనికిరాదా అనుకున్నాడు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడితో కలిసి 1958 నాటికి ఆకులోంచి వింబ్లాస్టిన్ అనే పదార్థం వేరుచేశాడు. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీవాళ్ళు ఇదే మొక్క మీద విడిగా పనిచేసి విన్‌క్రిస్టిన్ తీశారు. 1963లో అది అక్కడ మందుగా అనుమతి పొందింది. కణం రెండుగా చీలే సమయంలో లోపల కట్టుకునే సన్నటి దారాలను ఈ మందులు కట్టనివ్వవు. చీలలేని కణం చచ్చిపోతుంది. క్యాన్సరు కణాలు తెగ చీలుతుంటాయి కాబట్టి దెబ్బ వాటికి ఎక్కువ తగులుతుంది.

పసిపిల్లల రక్తపు క్యాన్సరు ఒకప్పుడు వచ్చిందంటే నెలల లెక్కే. విన్‌క్రిస్టిన్‌తో పాటు మరికొన్ని మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక, మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. ఒకసారి ఇచ్చే మోతాదు పెద్దవాళ్ళకైనా మామూలుగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంటే ఉప్పు రవ్వలు కొన్ని. ఆ కాస్త కూడా నరంలోకి మాత్రమే ఎక్కించాలి. కొలత కాస్త తప్పినా వేళ్ళు తిమ్మిరెక్కి, నరాలు దెబ్బతింటాయి. ఆ కాస్త మందు ఆకులోంచి తీయడమూ తేలిక కాదు, ఒక గ్రాముకు వందల కిలోల ఎండుటాకు కావాలి. అందుకోసం తమిళనాడులో తిరునల్వేలి, రామనాథపురం వైపు మెట్ట రైతులు వానను నమ్ముకుని దీన్ని పైరుగా వేస్తారు. లక్నోలో కేంద్రం ఉన్న సీమ్యాప్ సంస్థ ఈ సాగు కోసమే నిర్మల్, ధవళ్ అనే తెల్లపువ్వు రకాలు తయారుచేసింది. ఆ సంస్థకు మన హైదరాబాద్‌లో బోడుప్పల్‌లోనూ పరిశోధన కేంద్రం ఉంది.

మన గల్లీకి ఇదంతా దూరపు కథలా ఉంటే, ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్ లక్డీకాపూల్‌లో దిగండి. అక్కణ్ణుంచి రెడ్‌హిల్స్ నడిచిపోయేంత దూరం. అక్కడి ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి 1955లో మొదలైంది. ఎం.ఎన్.జె. అంటే మెహదీ నవాజ్ జంగ్, నిజాం కాలం నుంచి ఈ నగరానికి సేవచేసి, తర్వాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరైన పెద్దమనిషి. ఆయన పేరు గుర్తున్నవాళ్ళు తగ్గిపోయారు, మూడు అక్షరాలు మిగిలాయి. జిల్లాల నుంచి వచ్చిన తల్లులు, జుట్టు రాలిన పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. మా బడి పిల్లవాడొకడికి ఈ జబ్బు వచ్చినప్పుడు నేను అట్లాంటి వార్డులోనే మొదటిసారి విన్‌క్రిస్టిన్ అనే మాట విన్నాను. చీటీ మీద పేరు చదివి ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే తెలిసింది, అది నా డాబా మీదున్న మొక్కేనని. ఆ పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మీలో ఇద్దరు ముగ్గురు దాతలు అప్పుడు వాళ్ళ అమ్మకు బస్సు ఛార్జీలకు, గదికి సాయం చేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. మందు ఆసుపత్రిలో దొరికినా, పూటపూటకూ ఊరి నుంచి రావడం వాళ్ళ వల్ల అయ్యేది కాదు.

అందుకని నేను ఈ మొక్కను పెంచమని అడుగుతున్నాను, నమలవద్దని అడుగుతున్నాను. మన పెరటి ఆకు ఏ ఆసుపత్రికీ పనికిరాదు, అక్కడికి మోసుకెళ్ళకండి. ఒకాయన నిజంగానే సంచీ నిండా కోసుకొచ్చి ఎక్కడివ్వాలని నన్ను అడిగారు. ఆయన మనసు మంచిదే. పిల్లలున్న ఇంట్లో కుండీ గోడ మీద, అందని ఎత్తులో పెట్టండి. కొమ్మలు కత్తిరించాక చేతులు కడుక్కోండి.

విత్తనాల సంగతి చెప్పి ముగిస్తాను. పువ్వు రాలాక అదే చోట రెండు సన్నటి కాయలు జంటగా నిలబడతాయి, చిన్న పచ్చిమిరపకాయల్లా. పచ్చగా ఉండగా కోస్తే గింజ పండదు. గోధుమరంగు తిరిగాక ఒక్కరోజు ఏమరిస్తే ఎండకు పగిలి గింజలన్నీ డాబా మీద చల్లేస్తుంది, చీమలు ఎత్తుకుపోతాయి. పసుపు తిరగగానే కాయకు పల్చటి గుడ్డ చిన్న పొట్లంలా కట్టేసి వదిలితే అందులోనే పగులుతుంది. నేను పాత దుపట్టా ముక్కలు వాడతాను, మేక కొరికిన ఆ దుపట్టా పక్కింటావిడ నాకే ఇచ్చేసింది. ఈ ఏడు గులాబీ, తెలుపు, ఎర్రబొట్టు తెలుపు, మూడు రంగుల గింజలూ ఎండబెట్టి సీసాలో పోశాను. ఫిబ్రవరి మొదటివారంలో పొట్లాలు కట్టి సొసైటీ ఆఫీసులో ఇచ్చిపెడతాను. ఇంటికి ఒక పొట్లం చొప్పున తీసుకెళ్ళండి. పొట్లం మీద ఒకవైపు ఎట్లా విత్తాలో, రెండోవైపు "ఆకు తినకూడదు" అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంటుంది. ఉర్దూ అక్షరాలు మా ఖాలాతోనే రాయిస్తున్నాను.